దిగనివ్వని కారు

సిటీ బస్సు డ్రైవరుకు యాభై ఎనిమిదేళ్లు. పొద్దంతా బస్సు తోలి, నడుం పట్టేసి ఇంటికొచ్చినా, స్నానానికి ముందు తన పాత జపాన్ స్పోర్ట్స్ కారు తీయాల్సిందే. ఇద్దరే పట్టే ఆ ఎర్ర కారును ఎప్పుడో కొత్త స్కూటరు ధరకే కొన్నాడు. వీధి మలుపులో గేరు తేలిగ్గా పడగానే అలసిన ముఖం కాస్త తేటపడుతుంది. తిరిగొచ్చాక మాత్రం నేలకు జానెడెత్తు సీటులోంచి లేవలేక మూలుగుతాడు. భార్య వచ్చి రెండు చేతులూ పట్టి లాగుతుంది.

ఆమె పోరు పడలేక మొన్న ఆదివారం కారు అమ్మజూపాడు. చూడవచ్చిన రిటైర్డు లెక్కల మాస్టారు కారులో ఓ చుట్టు తిరిగొచ్చి, స్టీరింగు వదలకుండా నవ్వుతూ కూర్చున్నాడు. ఆయనా లేవలేకపోయాడు. మొగుడూ పెళ్లాలు చెరో చెయ్యీ పట్టి లాగారు.

"ఇంత అవస్థ మీకెందుకండీ?" అంది భార్య.

"నడుపుతుంటే ఒంట్లో నొప్పులే గుర్తురాలేదమ్మా. రేపే వచ్చి తీసుకెళ్తాను," అన్నాడు మాస్టారు.

డ్రైవరు తల వంచుకున్నాడు. "ఏమనుకోకండి మాస్టారూ, నేను ఇవ్వలేను," అన్నాడు నెమ్మదిగా.

మాస్టారు వెళ్లాక భార్య తిట్టలేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ ఎక్కనిది, పక్క సీటులో కూలబడింది. "అంతగా ఏముందో నేనూ చూస్తాను."

"ఇద్దరం కూర్చుంటే దిగేటప్పుడు ఎవరు లాగుతారే?"

"అది తర్వాతి సంగతి. ముందు పోనివ్వండి."