మూడు రౌండ్లూ నెగ్గిన షాహీన్

2006. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో నా కన్సల్టెన్సీ. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టడం మా పని. కింద జావా పాఠం మైకులో మోగుతుంటే, పైన నేను ఫోన్లో అరుస్తూ ఉండేవాణ్ని. నెమ్మదిగా మాట్లాడటం నాకెప్పుడూ రాలేదు లెండి.

షాహీన్ బల్కంపేట అమ్మాయి. పంజాగుట్టలో ఒక కంపెనీలో టెస్టర్, అంటే ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగం. అదే వీధిలోని ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూకి పంపాను. మూడు రౌండ్లూ నెగ్గింది. ఆపైన అక్కడి హెచ్చార్ మేడమ్ నాకు ఫోన్ చేసింది.

"ఆ కంపెనీ వాళ్లను మేం తీసుకోమండీ. వాళ్లూ మావాళ్లను తీసుకోరు. అమ్మాయికి మాత్రం 'ఆన్ హోల్డ్' అని చెప్పండి."

మా వృత్తిలో 'ఆన్ హోల్డ్' అంటే 'ఇక రావద్దు' అని మర్యాదగా చెప్పడం. నేనూ ఆ చిలకపలుకే పలికాను.

నెల తిరక్కుండా షాహీన్ మా ఆఫీసుకొచ్చింది. "అన్నా, హోల్డ్ అంటే ఫెయిలైనట్లే గదా? జర నిజం చెప్పు. గీ లైన్ నాకు పనికిరాదు. మా అమ్మ సుత గదే అంటుంది. రాజీనామా ఇచ్చి మా మామూ బట్టల దుకాణంల కూసుంట."

నాకు ఒళ్లు మండింది, నా మీద నాకే. క్లయింట్ పోతే పోయాడనుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. "నువ్వు పాసయ్యావమ్మా! 'నో పోచింగ్' అని, ఒకరి ఉద్యోగుల్ని ఒకరు తీసుకోకూడదని ఆ రెండు కంపెనీలూ మాట అనుకున్నాయి. నీలో ఏ లోపమూ లేదు."

తిడుతుందనుకున్నాను. కళ్లు తుడుచుకుని నవ్వేసింది. "అయితే నేను ఫెయిల్ కాలే!" ఆ తర్వాతే కోపం వచ్చింది. "వాళ్లిద్దరు మాట్లాడుకున్నరు సరే, నన్నెవరడిగిన్రు? గా ముక్క కాయితం మీద రాసియ్యమంట."

మర్నాడే వెళ్లి మేడమ్ ఎదుట కూర్చుందట. "మూడు రౌండ్లు పాసైన. ఎందుకు తీసుకుంటలేరో రాసియ్యిండ్రి."

నోటిమాటగా చేసుకున్న ఒప్పందం కాయితం మీదికెక్కితే తమకే చిక్కని కంపెనీ వెనక్కి తగ్గింది. రెండు వారాలకు ఆఫర్ లెటర్ వచ్చింది. నాకు మేడమ్ నుంచి చీవాట్లు వచ్చాయి. ఆ క్లయింట్ గోవిందా! అయినా ఆ రోజంతా నా ఆనందం అంతా ఇంతా కాదు.

మూడేళ్లకు షాహీనే అక్కడ ఇంటర్వ్యూలు చేసేది. కాదన్న ప్రతివాళ్లకూ తనే ఫోన్ చేసి కారణం చెబుతుందని విని, "అంత తీరికెక్కడిదమ్మా?" అని ఆటపట్టించాను.

"ఫెయిలైనోళ్లకు ఎందుకైన్రో చెప్తే మళ్ల చదువుకుంటరన్నా. పాసైనోళ్లకు పాసైన్రని చెప్పకుంటే, చదివిందే ఇడిసిపెడ్తరు."