బాపు చెప్పిన నాలుగు బస్తాలు

"జహీరాబాద్ దాంక పోయింది బిడ్డా, తాబేలు పిల్ల! ఖాళీ సంచుల కట్టల సొచ్చింది, లారీ ఎక్కింది. తెల్లారి డ్రైవర్ లక్ష్మయ్య వాపస్ తెచ్చి, 'సేఠ్, దీనికి రానుపోను కిరాయి ఎవరిస్తరు?' అన్నడు."

తన్మయి పడీపడీ నవ్వింది. చెప్పిన బసవయ్య మాత్రం సగమే నవ్వాడు. ఆయన చూపంతా సంచుల కట్ట మీద ఆ అమ్మాయి పరిచిన పటం మీదే ఉంది.

డెబ్బై ఏళ్ల బసవయ్యది ఉస్మాన్‌గంజ్‌లో గోనెసంచుల వ్యాపారం. గోడౌన్ మాత్రం అఫ్జల్‌గంజ్ వైపు, మూసీ ఒడ్డున ఉంది. వెనక తలుపు తీస్తే మట్టిదిబ్బ, దాని అవతల నది. ఆ దిబ్బలో తాబేళ్లు గుడ్లు పెడతాయి. వానలు పడగానే పిల్లలు బయటికొచ్చి సగం నదివైపు, సగం గోడౌన్‌వైపు నడుస్తాయి. అందుకే ఆ నెలరోజులూ సంచి దులపనిదే కట్ట కట్టకూడదని ఆయన హుకుం. హమాలీలు గొణుక్కుంటూనే దులుపుతారు.

తన్మయి మూసీ వరద ఎంతవరకు వస్తుందో పటం గీసే సర్వేలో పనిచేస్తోంది. పోయిన వారం వచ్చి, ఇక్కడ అన్నిటికన్నా పెద్ద వరద ఎంత లోతు వచ్చిందని అడిగితే, "నాలుగు బస్తాల నీళ్లు" అన్నాడు బసవయ్య. ఆ ఇంట్లో వరదను అడుగుల్లో చెప్పడం ఎవరికీ అలవాటు లేదు. ఏటి అంచున పడుకోబెట్టి పేర్చిన బస్తాల్లో ఎన్ని మునిగాయో అదే లోతు. ఆ వరదను చూసింది వాళ్ల నాన్న. తన్మయి గోడౌన్‌లోనే నాలుగు బస్తాలు పేర్పించి, టేపుతో కొలుచుకుని వెళ్లింది.

ఇప్పుడు పటంలో వరద హద్దు చూపే నీలిగీత దిబ్బకు కూడా అవతల, నది పక్కనే పోతోంది.

"గీత లోపల కొత్త కట్టడాలకు పర్మిషన్ ఉండదు అంకుల్. తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు లోపల పడితే కంచె వేసి కాపాడతారు. మీ దిబ్బ బయట పడింది కాబట్టి కంచె రాదు, దాన్ని ఏం చేసుకున్నా మా పటం అడ్డం రాదు."

"అంటే మన గోడౌన్‌కు ఏ అడ్డూ లేదు!" అని చప్పట్లు కొట్టింది శ్రీహిత, బసవయ్య కూతురు. గోడౌన్ మీద అంతస్తు వేసి ఎనిమిది కుట్టుమిషన్లు పెట్టాలని రెండేళ్లుగా ఆమె ఆశ. దిబ్బ చదును చేసి లారీల అడ్డా పెడతామని ఇప్పటికే ఇద్దరు వచ్చి చూసిపోయారు.

బసవయ్య చాయ్ తాగాడు. ఖాళీ గ్లాసును ఇంకోసారి నోటిదాకా తీసుకెళ్లి దించాడు.

"బిడ్డా, నువ్వు కొలిచినయి యాభై కిలోల బస్తాలు. మా బాపు జమానల క్వింటాల్ బస్తాలుండె. ఏనుగు పడుకున్నట్టుండేటియి. ఆ రోజు చెప్పుడు యాదికి రాలే."

"బాపూ!" అంది శ్రీహిత.

ఆయన అటకమీద దాచిన పాత సంచి దించాడు. పక్క దుకాణం నుంచి రెండు బియ్యం బస్తాలు తెప్పించి అందులో పోయించాడు. నిండిన బస్తాను పడుకోబెడితే తన్మయి వంగి కొలిచింది, నాలుగుతో హెచ్చవేసింది, మళ్లీ వేసింది. మొదటి లెక్కకూ దీనికీ అడుగున్నర తేడా. దిబ్బ ఎత్తు తక్కువే, దాని వెనకంతా చదును నేల. అడుగున్నర లేస్తే నీళ్లు దిబ్బ దాటి గోడౌన్ నడుమదాకా వచ్చేస్తాయి. ఆ అమ్మాయి పెన్సిలుతో కొత్త గీత గీస్తుంటే శ్రీహిత మెడ చాచి చూసింది.

"సగం గోడౌన్ పాయె. నాలుగు మిషన్లే పడతయి."

"నాలుగే పెట్టు. ఎనిమిదుంటే లొల్లికి సంచులు కూడా చిరుగుతయి."

"తాబేళ్లకేమో దిబ్బ మొత్తం, నాకు సగం గోడౌనా? వాటినే కూతుళ్లనుకో పో!" అంది శ్రీహిత మూతి ముడిచి. అంటూనే ముందు సగం మీద మిషన్లు ఎలా పడతాయో అడుగులేసి చూసుకోసాగింది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు అంకుల్," అంది తన్మయి మెల్లగా.

"నీకు తెల్వకపోవచ్చు. మా బాపు చెప్పిన బస్తాలను నేను చిన్నగ జేస్తే, కలలకొచ్చి చెవి మెలిపెడ్తడు."

తన్మయి పటం చుట్టి, ఒడ్డున మళ్లీ కొలిచేందుకు టేపు తీసుకుని లేచింది. ఇంతలో సంచులు దులుపుతున్న హమాలీ "సేఠ్, ఇంకొకటి!" అని కేకేశాడు. రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దదైన తాబేలు పిల్ల, కాళ్లు ఆడిస్తూ. బసవయ్య దాన్ని ఖాళీ చాయ్ గ్లాసులో వేసి తన్మయి చేతిలో పెట్టాడు.

"నువ్వెట్లాగూ ఏటికాడ కొలిచేందుకే పోతున్నవ్ గదా. నా మోకాళ్లు ఆ దిబ్బ దిగవు. నీళ్ల అంచుకు మెల్లగ ఇడిచిపో, ఇసరకు. గ్లాస్ మాత్రం వాపస్ తే బిడ్డా, చాయ్‌వాలాది."