జమాబందీ నాడు

యెహెజ్కేలు బి.ఎ. ప్యాసైనప్పుడు కడియం దగ్గర వాళ్ళ పేటలో చర్చి గంట ఆగకుండా కొట్టారు. ఆ పేటలో అంత చదివినవాడు అతనే మొదలు. తల్లి ఏసమ్మ ఆ రోజు కూడా కూలికి వెళ్ళింది. రేపటి నుంచి మానేస్తానని దారిలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది.

మానలేదు. గోదావరిమీద ఆనకట్ట కట్టిన కొత్తలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాణ్ణి సర్కారువాళ్ళు ఇంటికొచ్చి పిలుచుకుపోయేవారు. కాలవలు తవ్వాలి, శిస్తులు లెక్కగట్టాలి, రాసే చేతులు చాలేవి కావు. యెహెజ్కేలు చదువు ముగిసేసరికి కాలవల పని అయిపోయింది. కుర్చీలు నిండిపోయాయి. కాలేజీలు మాత్రం ఏటా పట్టాలు ఇస్తూనే ఉన్నాయి.

రాజమండ్రిలో ఒక సర్కారు కచేరీలో ఉమేదువారుగా చేరాడు. ఉమేదువారంటే జీతం లేకుండా గుమాస్తా పని చేస్తూ, ఖాళీ కోసం కాచుకు కూర్చునేవాడు. మిగతా ఉమేదువార్లు హాల్లో చాపలమీద కూర్చునేవారు. యెహెజ్కేలు చాప గడప బయట, వసారాలో. కాగితాలు గడపమీద పెడితే అతను తీసుకోవాలి.

ఆ కచేరీకి శిరస్తాదారు అమ్మిరాజుగారు. దొర సంతకం పెడతాడు, ఈయన నడుపుతాడు.

"ఏవోయ్ బీయే! నకలు సాయంత్రానికి కావాలి. ఈసారి ఖాళీ నీదేలే."

ఆ మాట ఇంట్లో చెప్పడమే యెహెజ్కేలు చేసిన తప్పు. ఆ ఏటి నుంచి ఏసమ్మ కడియంలో అమ్మిరాజుగారి చేలో కూలి పుచ్చుకోకుండా వరి ఊడ్చింది. కొడుకు కోసం అంది.

ఖాళీ వచ్చింది. అమ్మిరాజుగారి అల్లుడికి వెళ్ళింది. ఆ అల్లుడు మెట్రిక్యులేషన్ కూడా గట్టెక్కలేదు.

ఏసమ్మ కచేరీకి నడిచి వచ్చి మెట్ల కింద నిలబడింది.

"అయ్యగారూ, మరి నా ఊడ్పులండీ?"

"ఊడ్చావు, పండింది. ఇంకేం కావాలే నీకు?"

హాలంతా నవ్వింది. యెహెజ్కేలు తల ఎత్తలేదు. చేతిలో ఉన్న నకలు పూర్తిచేసి, సిరామీద ఇసుక చల్లి ఆరబెట్టి, గడపమీద పెట్టాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ తరవాత కూడా మానకుండా వచ్చాడు. జమాబందీ కోసం చూశాడు. ఏడాది శిస్తు లెక్కలన్నీ దొర ముందు పెట్టే రోజది. ఆ లెక్కలు రాసేది ఉమేదువార్లే.

తోటి ఉమేదువారు వీరాస్వామిని రేవు దగ్గర పట్టుకున్నాడు.

"మనం ఊరికే చేసిపెడుతుంటే సర్కారు కొత్త ఉద్యోగాలు ఎందుకు వేస్తుందండీ? జమాబందీ నాడు ఒక్కరం కూడా వెళ్ళకపోతే దొరకే తెలుస్తుంది."

"అమ్మిరాజుగారు మనల్ని గుర్తుపెట్టుకోడూ?"

"గుర్తుపెట్టుకునేగా ఇన్నేళ్ళూ కూర్చోబెట్టాడు!"

వీరాస్వామి నవ్వాడు. మిగతావాళ్ళని అతనే ఒప్పించాడు. కొత్త ఉద్యోగాలు రావని యెహెజ్కేలుకి తెలుసు. వాళ్ళకి చెప్పలేదు.

జమాబందీ నాడు రోడ్డుకి అవతల నిలబడి చూశాడు. దొర గుర్రబ్బండి దిగాడు. లోపల చాపలన్నీ ఖాళీ. కాసేపటికి అమ్మిరాజుగారు తలపాగా లేకుండా బయటికి పరుగెత్తుకొచ్చాడు.

"యెహెజ్కేలూ! బాబూ, నీకు దణ్ణం పెడతాను. లోపలికి రావయ్యా. హాల్లో, నా పక్కన కూర్చుందువుగాని."

"గడప దాటకూడదు కదండీ."

"నా పరువు పోతుందయ్యా!"

"చిత్తం."

ఈ పని ఇన్నాళ్ళూ ఎవరు చేశారని దొర అడిగాడు. అమ్మిరాజుగారు అల్లుణ్ణి ముందుకి తోశాడు. అల్లుడికి లెక్కలు ఎక్కడుంటాయో కూడా తెలియదు. వారం తిరక్కుండా హుకుం వచ్చింది. అమ్మిరాజుగారికి మన్యానికి బదిలీ. జీతం లేనివాడెవడూ ఇకమీద కచేరీ మెట్టెక్కకూడదు. కొత్త ఉద్యోగాల మాట లేదు. అల్లుడి ఉద్యోగం అలాగే ఉంది.

అమ్మిరాజుగారు లాంచీ ఎక్కే రోజున యెహెజ్కేలు రేవుకి వెళ్ళాడు. ఆయన కంటపడేలా ముందు నిలబడ్డాడు. ఆయన చూశాడు, మొహం తిప్పుకున్నాడు. లాంచీ పట్టిసీమ వైపు కదిలింది.

వెనక నుంచి వీరాస్వామి గొంతు వినిపించింది.

"ఉద్యోగాలన్నావు. ఉన్న ఆశ కాస్తా ఊడబెరికావు. ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"నా పెళ్ళాం మెళ్ళో పుస్తెలు తప్ప ఏమీ మిగల్లేదురా. దాన్నేం చెప్పి ఊరుకోబెట్టను?"

యెహెజ్కేలు లాంచీ పొగ వంక చూస్తూ ఉన్నాడు. వీరాస్వామి నేలమీద ఉమ్మి వెళ్ళిపోయాడు. మళ్ళీ అతనితో మాట్లాడలేదు.

ఏ కచేరీ కూడా యెహెజ్కేలుని రానివ్వలేదు. పేటలో మిషను బడి పెడితే అందులో పిల్లలకి అక్షరాలు దిద్దించాడు. ఏళ్ళ తరబడి ఒక్క రోజు కూడా బడి మూయలేదు. గోదావరి పొంగినప్పుడు చర్చి అరుగుమీద పాఠం చెప్పాడు.

ఒక వర్షాకాలం అమ్మిరాజుగారు మన్యం జ్వరంతో పోయాడని కబురొచ్చింది. పాఠం మధ్యలో ఉంది. యెహెజ్కేలు పుస్తకం మూసి పిల్లల్ని ఇళ్ళకి పొమ్మన్నాడు.

"ఇవాళ ఏం పండగండీ?"

"నాది," అన్నాడు.