తిరిగిపోయే తీగ

అరవ సీమలో, ధర్మపురి దగ్గర ఇండూరు చుట్టుపక్కల కరెంటు అంటే ఏమిటో మొదట విప్పి చెప్పినవాణ్ణి నేనే. కుప్పంలో మోటార్లు చుట్టే షాపులో ఆరేళ్ళు పనిచేశాను. తీగ వాసన చూసి అందులో కరెంటు ఉందో లేదో చెప్పేవాణ్ణి.

ఆరేళ్ళు కాదు, ఆరు నెలలు. మోటార్లు చుట్టింది వేరేవాళ్ళు. ముప్పై దాటిన వయసులో నేను వాళ్ళకు టీ తెచ్చాను, షాపు ఊడ్చాను. అక్కడ నిజంగా నేర్చుకున్నది తెలుగు అక్షరాలు ఒక్కటే. మా ఇళ్ళలో తెలుగు నోటికే గాని చేతికి లేదు. గోడ మీది కాలెండరు చూసి కూడబలుక్కున్నాను. వాసన సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు.

నమ్మిన మనిషి ఒక్కతే, మా అక్క. బావ పోయాక ఆమెకు మిగిలింది ఎకరం నేల, ఒక బావి, ఒక ఆవు. ఎనభైల మొదట్లో వానలు మొండికేసి బావి అడుగు బయటపడింది. మోటారు ఊరకే పడి ఉంది. ఆ మోటారు కొట్టంలోనే ఆవును కట్టేది. అది తొలిచూలు ఆవు, నిండు సూడి. అది ఈనితే పాలు పోసుకుని ఊళ్ళోనే బతకొచ్చు. లేకపోతే మావాళ్ళు చాలామందిలాగా బెంగుళూరుకు పోయి ఇటుకలు మోయాలి. అక్కకు ఇటుకలంటే భయం లేదు, ఊరు విడవడమంటే భయం.

ఒక సాయంత్రం నన్ను పిలిపించింది.

“తమ్ముడా, ఇది చీకట్లో ఈనిందంటే నేనొక్కతే ఏం చేద్దునురా? లాంతరుకు చమురు దొరకలేదు. ఈ కొట్టందాకా కరెంటు వచ్చిండాది కదా, ఒక దీపం పెట్టీయవా?”

“దీపమా? నువ్వు అడిగితే సూరీణ్ణే దింపుతా, అక్కా.”

“సూరీడు వద్దప్పా. ఆయప్ప వల్లే కదా బావి ఎండింది. ఒక్క బల్బు చాలు.”

కరెంటు రావడానికి ఒక దారి కావాలి, తిరిగిపోవడానికి ఇంకొకటి కావాలి. రెండూ ఎక్కడా తెగకుండా కలిస్తేనే అది కదులుతుంది. ఈ ముక్క ఇప్పుడు తెలుసు కాబట్టి తీరిగ్గా చెబుతున్నాను. ఆ కొట్టానికి మోటారు కోసం మూడు తీగలు వచ్చేవి. మూడింటిలోనూ కరెంటే. దీపానికి కావలసిన నాలుగోది, తిరిగిపోయే తీగ, అక్కడికి రాలేదు. నాకేం తెలుసు? మూడింటిలో రెండు పట్టుకుని బల్బుకు కలిపాను. ఢామ్మని పేలి గాజంతా నా తల మీద పడింది.

“దిగినాడా సూరీడు?” అంది అక్క, నా జుట్టులోంచి గాజుపెంకులు ఏరుతూ.

కొట్టం గోడ బయట, పగలు ఆవును కట్టే చోటికి దగ్గర్లో, ఎర్తు గుంట ఉంది. బొగ్గులు, రాళ్ళుప్పు నింపి, నడుమ ఇనుప పైపు దిగ్గొడతారు. మోటారులో కరెంటు దారి తప్పితే మట్టిలోకి దింపడానికి అది. ఒక తీగతోనే దీపం పెట్టాలంటే మా పక్క అందరికీ తెలిసిన దొంగదారి ఒకటుంది: బల్బు రెండో కొసను ఆ పైపుకు చుట్టేయడం. నేనూ చుట్టాను. బల్బు పండుమిరపకాయలాగా ఎర్రగా కమిలింది. అంతకు మించి వెలగలేదు.

“ఏమిరా, మిణుగురును పట్టుకొచ్చి పెట్టినావా?”

“మట్టికి దాహంగా ఉండాది, అక్కా. రెండు దోసిళ్ళు ఉప్పేసి నీళ్ళు పోయి. చూడు మళ్ళ.”

తాగడానికే నీళ్ళు లేని రోజులు. అక్క ఎంత దూరం పోయి తెచ్చిందో, ఒక బిందె ఆ గుంటలో పోసింది. వెలుగు కొంచెం పెరిగింది. ఆమె మొగంలో కూడా. అంతలోనే ఆవు వైపు చూసింది.

“ఉప్పు వాసన దీనికి తెలుస్తుందిరా. తాడు కురచ చెయ్యి.”

“ఏం కాదు. కరెంటు తీగలో ఉంటుంది, మట్టిలో కాదు. మట్టి దాన్ని మింగేస్తుంది. కుప్పంలో ఎన్ని చూసినాను!”

“అంత కరెంటు మింగితే మట్టికి కడుపు నిండదా?”

నవ్వాను. తాడు కురచ చేశానని చాలాకాలం చెప్పుకున్నాను. చేయలేదు.

నాలుగో రోజుకు గుంట మళ్ళీ ఎండింది. పొద్దుగుంకే వేళ ఆవు బయట కట్టి ఉంది. అక్క కొట్టంలో దానికి గడ్డి పరుస్తోంది. నేను స్విచ్ వేశాను. బల్బు ఎప్పటిలాగే ఎర్రగా కునికింది. కాసేపటికి, ఎవరూ ఏమీ చేయకుండానే, ఒక్కసారిగా లేచింది. తెల్లగా, కొట్టం మూలలు కనిపించేలా.

“చూసినావా అక్కా! ఎట్ల లేచిందో! ఎవరి చెయ్యి అది?”

“ఆమారా, అవును, మా తమ్ముడి చెయ్యే,” అని నవ్వింది. బావ పోయాక ఆమె అట్లా నవ్వడం చూసింది అప్పుడే. నేను చప్పట్లు కూడా కొట్టాను.

బయట ఏదో బరువుగా పడింది.

ముందు పరుగెత్తింది నేను. ఆవు పక్కకు ఒరిగి ఉంది. నాలుక పైపుకు ఆని ఉంది. లోపలికి దూకి ఫ్యూజు ఊడబీకాను, మళ్ళీ వచ్చి పైపు నుంచి తీగ విప్పేశాను. అప్పుడు అక్క వచ్చింది. చీకట్లో నా నోరు దానంతటదే పలికింది:

“పాము, అక్కా. ఇట్ల పోయింది. నేను చూసినాను.”

ఆమె ఆవు కడుపు మీద చెయ్యి పెట్టింది. “లోపల కదులుతాండాదిరా,” అంది. కాసేపు అట్లాగే పెట్టుకుని, తీసేసింది. ఆ తరువాత అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీసి, నాలుగు కాళ్ళూ తడిమి, పాము కాటు కోసం వెతికింది. నేను కూడా వెతికాను. లేని కాటును ఆమె పక్కన కూర్చుని వెతికాను.

కొన్నాళ్ళకు ధర్మపురి బస్టాండులో ఒక ముసలి లైనుమాను టీ తాగుతుంటే పక్కన చేరి, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. అతను అరవంలో చెప్పింది నాకు మాటకు మాట గుర్తుంది. అదీ అబద్ధమే, సారం గుర్తుంది.

“మట్టి మింగదయ్యా, మోసుకుపోతుంది. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లో బయలుదేరి ట్రాన్స్‌ఫార్మర్‌కే తిరిగి పోవాలి. నేల ఎండితే ఆ దారి పూడుతుంది. కాలువ పూడితే నీళ్ళు గట్టుకు ఎక్కి నిలబడవా? అట్లా వత్తిడంతా ఆ పైపు మీదే నిలబడి ఉంటుంది. అప్పుడు తడి నాలుక పెట్టినదే కాలువ.”

“మరి బల్బు ఎందుకు లేచింది?”

“కొత్త దారి దొరికింది కదా. ఆవు గుండా పోయింది.” గ్లాసు కింద పెట్టి అడిగాడు, “ఎవరి ఆవు?”

“ఎవరిదో. పిక్కిలి పక్క,” అని మాది కాని ఊరి పేరు చెప్పాను.

అక్క చాలా వారాలు పక్కింట్లో అడిగి పాలు తెచ్చి, గట్టు మీది పాము పుట్టలో పోసింది. తాను నాగులకు ఏం అపచారం చేసిందో తెలియక, తెలిసినవన్నీ ఒప్పుకుంది. నేను పక్కన నిలబడి దండం పెట్టాను. తరువాత బెంగుళూరు బస్సెక్కింది. వచ్చే ఏడు రెండు ఆవులు కొనిస్తానని కిటికీ పట్టుకుని చెప్పాను. ఒక్క దూడ కూడా కొనలేదు.

ఇప్పుడు ఆమె లేదు. ఉన్నా ఈ అక్షరాలు ఆమెకు రావు. కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నానేమో.

ఒకసారి మాత్రం ఆమెను చూడడానికి పోయాను. కడుతున్న మేడ పక్కన రేకుల గుడిసె, చేతుల నిండా సిమెంటు పగుళ్ళు. గుడిసెలో ఒక బల్బు వేలాడుతోంది. దానికి రెండు తీగలు ఉన్నాయో లేవో అని నా కళ్ళు ముందు అటే పోయాయి. ఉన్నాయి.

నా చూపు చూసి అక్క నవ్వింది. “ఇది వెలుగుతుందిలే, కాని ఆ పొద్దు నువ్వు పెట్టిన దీపం మాదిరి లేదురా. ఎట్ల లేచింది! పాము రాకుంటే ఆ పొద్దు నాకు మంచి పొద్దే.” మేస్త్రీ పెళ్ళాం గుమ్మంలో నిలబడి ఉంటే ఆమెకు చెప్పింది, “మా తమ్ముడు కుప్పంలో నేర్చుకొచ్చినాడు. ఆరేండ్లు. ఏమిరా, ఆరే కదా?”

“ఆమా, అక్కా,” అన్నాను. “ఆరు.”