గట్టు మీది పేరు

డప్పు కాచే గడ్డిమంట వాసన నాకిప్పుడు పడదు, దగ్గు వస్తుంది. అందుకే మొన్న సాయంత్రం మెదక్ డిగ్రీ కాలేజీ ఆవరణలో అందరికంటే వెనక, పొగ రాని చోట కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. నా దగ్గర అక్షరాలు దిద్దుకున్న ప్రభాకర్ ఇప్పుడు అక్కడ లెక్చరర్. జానపద పాటల సభ పెడుతున్నామనీ, మైకు ఉండదనీ, హార్మోనియం పెట్టె కూడా ఉండదనీ, వట్టి గొంతులూ డప్పులేననీ చెప్పి ఇంటికి ఆటో పంపాడు. మైకు లేకపోతే ఈ వయసులో నాకేం వినబడుతుందని సణుగుతూనే బయలుదేరాను. మొదట పాడినవాళ్ళ పాటలు సగం గాలిలోనే పోయాయి. ఆ తర్వాత తెల్ల చున్నీ వేసుకున్న ఒక అమ్మాయి లేచింది. డప్పులవాళ్ళను ఆగమని సైగ చేసి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎత్తుకుంది.

మడిలోన నేనున్న, గట్టున నువ్వున్నవు
మునుమొక్కటి ఒడిసినంక మల్లొస్త, సుగుణా

నా పేరు సుగుణ. యాభై ఏళ్ళ తర్వాత తన పేరున్న పాట చెవిన పడితే ఎవరికైనా కళ్ళు చెమ్మగిల్లాలి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎవరీ పిల్ల, నా పాట ఈమెకు ఎవరిచ్చారు? ముందు వరసల్లో విద్యార్థులు తలలు ఊపుతున్నారు, ఒకతను కళ్ళు మూసుకుని వింటున్నాడు. వాళ్ళందరి చెవులూ మూసేయాలనిపించింది. ఆ పాట అంతమంది వినవలసింది కాదు. అది మార్తమ్మ పంతులమ్మ నా కోసం పాడింది.

మార్తమ్మ పంతులమ్మ మెదక్ మిషన్ బోర్డింగులో ఉంటూ చిన్న తరగతుల ఆడపిల్లలకు చదువు చెప్పేది. నల్లగా, ఎత్తుగా, మోచేతుల దాకా రవిక, అంచు లేని తెల్ల చీర. మా నాయన అల్లాదుర్గంలో ఉపదేశి. ఊళ్ళో ప్రార్థనలు నడిపేవాడు. అమ్మ చచ్చిపోయాక నన్ను బండి మీద తెచ్చి బోర్డింగులో దింపి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. నేను అన్నం ముట్టకుండా గేటు దగ్గరే కూర్చున్నాను. బతిమాలినవాళ్ళంతా బతిమాలి వెళ్ళిపోయారు. మార్తమ్మ బతిమాలలేదు. చేటనిండా బియ్యం తెచ్చుకుని నా పక్కన కూర్చుని, రాళ్ళు ఏరుకుంటూ తనలో తాను పాడుకుంటున్నట్టు ఆ పాట పాడింది. చివర నా పేరు పడేసరికి ఉలిక్కిపడి చూశాను. ఆమె చేటలోంచి తల ఎత్తలేదు.

"నా పేరు పాటల ఎట్లొచ్చింది?" అన్నాను.

"మా పాపన్నపేట కాడ గంతే. తల్లులు మడిల మునుము వట్టి, వరస వెంట వరస నాటేస్తరు. పిల్లల్ని గట్టు మీద ఊయలల పండవెడ్తరు. పాటల పేరు వెట్టి పాడుతరు. పేరు వినవడితె పిల్ల ఏడ్వదు. అమ్మ ఈన్నే ఉన్నదని ఎరుకైతది."

"మీ అమ్మ నీ పేరు వెట్టి పాడేదా?"

"మా తమ్ముని పేరు వెట్టి పాడేది. ఊయల ఊపింది నేను." చేట పక్కన పెట్టి నవ్వింది. "ఊపెటోల్లకు ఎవ్వరు పాడుతరే? లే, బుక్కెడు తిను."

ఆ రోజు నుంచి పాట నాది, ఆమె కూడా నాదే అని రాసిపెట్టుకున్నాను. మిగతా పిల్లలకు ఆ సంగతి తెలియదు, అంతే తేడా. ఆమె ఇంకో పిల్లకు జడ వేస్తుంటే, అప్పుడే వేయించుకున్న నా జడ విప్పేసుకుని వెళ్ళి వరసలో కూర్చునేదాన్ని. ఎవరి పలక అయినా బాగుందని ఆమె మెచ్చుకుంటే నా పలక కింద పడేసేదాన్ని. ఆమెకు ఇదంతా తెలుసు. విప్పిన జడ మళ్ళీ వేస్తూ "నీకు కండ్లమంట మస్తున్నదే" అనేది. తిట్టేది మాత్రం కాదు. ఆమె హాజరు పట్టీ తెరవకుండా, ముఖాలు చూస్తూ అందరి పేర్లూ పిలిచేది. కొత్త పిల్ల వస్తే సాయంత్రానికల్లా ఆ పేరు ఆమె నోట ఆడాల్సిందే. "ఏయ్ పిల్లా అంటె అందరు చూస్తరు, ఒక్కరు రారు" అని ఇతర పంతులమ్మలకు చెప్పేది.

తర్వాత రోజులు మారాయి. పల్లెల్లో రజాకార్ల భయం, అడవుల్లో తుపాకులు పట్టినవాళ్ళు, ఎక్కడ చూసినా ఇళ్ళు కాలిన కబుర్లు. పాపన్నపేట వైపు నుంచీ ఎల్దుర్తి వైపు నుంచీ జనం మూటలు నెత్తిన పెట్టుకుని చర్చి ఆవరణలోకి వచ్చి తలదాచుకున్నారు. బోర్డింగులో జొన్న గటక కూడా పలచబడింది. దారులు బాగాలేక నాయన నన్ను చూడటానికి రాలేదు. మార్తమ్మ నా చాప తెచ్చి తన చాప పక్కన వేసుకుంది. అందరూ వణికిపోయిన ఆ రోజులే నాకు మంచి రోజులు. ఆమె పక్కన పడుకుని, ఈ గొడవలు ఇట్లాగే ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను.

అంతలో పోలీస్ యాక్షన్ వచ్చింది. ఆకాశంలో విమానాలు తిరిగాయి, హైదరాబాదు రోడ్డు మీద మిలిటరీ లారీలు బారులు కట్టాయి. మూటలు తెచ్చుకున్నవాళ్ళు మూటలు కట్టుకుని ఊళ్ళకు తిరిగిపోయారు. హమ్మయ్య అనుకున్నాం. కానీ భయం ఎక్కడికీ పోలేదు, ఇల్లు మారింది, అంతే. ఇప్పుడు ఊళ్ళో తురక వాడలో తలుపులు మూసుకున్నాయి. మాకు లంగాలూ జాకెట్లూ కుట్టే దర్జీ ఖాదర్ దుకాణం కూడా మూతపడింది. అతను ఏమయ్యాడో ఎవరూ చెప్పలేకపోయారు. ఒక మధ్యాహ్నం మార్తమ్మ ఎక్కడికో వెళ్ళి, అతని కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పేరు రజియా. నా ఈడుదే. బక్కగా, పెద్ద కళ్ళతో, చెవుల అంచుల పొడుగునా చిన్న చిన్న వెండి రింగులతో ఉంది.

తల్లి లేని పిల్ల, తండ్రి జాడ లేదు, అన్నం ముట్టడం లేదు. నా కథే మళ్ళీ నడిచి వచ్చినట్టుంది. తల్లి లేకపోవడం ఒక్కటైనా నా సొంతమనుకున్నాను, అందులోనూ వాటాకు వచ్చింది. మార్తమ్మ ఆమె చెవుల రింగులు ఒక్కొక్కటే నొప్పి పుట్టకుండా తీసింది. నా పెట్టె తెరిచి నా నీలం లంగా, జాకెట్టు ఆమెకు తొడిగింది. ఆ బట్టలు కుట్టింది ఆ పిల్ల తండ్రే అయినా, నాకు మాత్రం నా బట్టలు పోయాయనే ఏడుపు. రాత్రికి నా చాప మీద ఆ పిల్ల పడుకుంది. నన్ను గోడ పక్కకు జరిపారు.

మరునాడు పొద్దున అడిగాను. "దీన్ని ఎందుకు తెచ్చినవ్ పంతులమ్మా?"

"మరి ఏడ వెట్టాలె?"

"ఇంకెవ్వరన్న పెట్టుకుంటరు."

"ఎవ్వరన్న అంటె ఎవ్వరు, పేరు చెప్పు. పొయ్యి అడిగొస్త." నేను మూతి ముడుచుకుని గోడ వైపు తిరిగాను.

రెండు మూడు రోజులు గడిచాక, మేమంతా వరండాలో పలకలు పట్టుకుని కూర్చున్నప్పుడు, కర్రలు పట్టుకున్న మనుషులు గేటు తోసుకుని లోపలికి వచ్చారు. ఊళ్ళో ముఖాలే, కానీ అంతకుముందు వాళ్ళను అట్లా చూడలేదు. రజియా మార్తమ్మ పక్కకు జరిగింది. మార్తమ్మ ఆమె తలను తన ఒళ్ళోకి లాక్కుని, రింగులు తీసిన చెవుల రంధ్రాలు కనబడకుండా కొంగు కప్పింది.

"దర్జీ బిడ్డె ఈడనే ఉన్నదట. చూపియ్యుండ్రి" అన్నాడు ముందున్నవాడు.

"చూసుకోండ్రి. అందరు మా బోర్డింగు పిల్లలే."

"గా పన్న పిల్ల ఎవ్వరు?"

"అల్లాదుర్గం ఉపదేశి బిడ్డ. సుగుణ. జెరమొచ్చి పన్నది."

నా పేరుతో సరిపెట్టలేదు, మా నాయనను కూడా ఇచ్చేసింది. అంతటితో ఆగకుండా, ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి, జ్వరం వచ్చిన బిడ్డకు పాడినట్టు పాట ఎత్తుకుంది. మడిలోన నేనున్న, గట్టున నువ్వున్నవు. చివర సుగుణా అన్నప్పుడు నేను పలక పట్టుకుని లేచి నిలబడ్డాను. అంతకుముందు ఆ పేరుతో నా వీపే నిమిరింది ఆ చెయ్యి.

ఆ మనిషికి నమ్మకం కుదిరినట్టు లేదు. చుట్టూ చూసి, నిప్పులు కక్కుతూ నిలబడ్డ నా దగ్గర ఆగాడు. "నువ్వెవ్వరి పిల్లవే? నీ పేరేంది?"

నా పేరు నాలుక చివరిదాకా వచ్చింది. సుగుణను నేను, అది కాదు అని అరిస్తే నా పాట, నా చాప, నా బట్టలు, మా నాయన, అన్నీ ఒక్కసారే నాకు తిరిగి వస్తాయి. మార్తమ్మ నా వైపు చూడలేదు. పాట ఆపలేదు. కానీ ఆ పిల్ల వీపు నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.

"మార్తమ్మ" అన్నాను.

ఎందుకన్నానంటే, రజియాను కాపాడాలని కాదు. ఆమె నా పేరు దానికిచ్చింది కాబట్టి ఆమె పేరు నేను తీసుకున్నాను. పలక పడేసినట్టే, కోపంతో, గట్టిగా అన్నాను. ఆ మనిషి పకపకా నవ్వాడు. "పంతులమ్మ పేరే వెట్టుకున్నవా? మంచిగుంది" అని నా నెత్తి మీద తట్టాడు. మిగతా పిల్లల వైపు ఒకసారి చూసి, కర్రలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయారు. గేటు పడ్డాక కూడా మార్తమ్మ పాడుతూనే ఉంది.

ఆ సాయంత్రం బావి దగ్గర నా ముఖం కడుగుతూ అడిగింది. "నా పేరు ఎందుకు ఎత్తుకపొయినవే?"

"నువ్వు నా పేరు దానికెందుకిచ్చినవ్? ఇంతమంది ఉన్నరు. ఎవ్వరి పేరన్న చెప్పొద్దా?"

ఆమె తడి చేత్తో నా జుట్టు వెనక్కి సర్ది, "నోట్ల ఉన్న పేరే గద బిడ్డా బయటికొచ్చేది" అంది. అదేం జవాబని నాకు ఇంకా కోపం వచ్చింది.

కొన్నాళ్ళకు ఊరు నెమ్మదించింది. రజియా మేనమామ హైదరాబాదు నుంచి వచ్చి ఆమెను తీసుకుపోయాడు. ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లతో నేను ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు నా నీలం లంగాలోనే బండెక్కింది. మార్తమ్మ బండి పక్కనే నడుస్తూ ఆ పాటే పాడింది, నా పేరుతోనే. రింగులు తిరిగి ఇచ్చింది కానీ, నా పేరు తిరిగి తీసుకోలేదు. ఆ తర్వాత ఆమె నా పక్కన కూర్చుని ఎప్పుడు పాడబోయినా నేను చెవులు మూసుకున్నాను. ఆమె నవ్వి ఊరుకునేది. నా చాప మళ్ళీ నా చోటికే వచ్చింది, జడలు మళ్ళీ వేసింది, చదువూ చెప్పింది. పాట మాత్రం మా ఇద్దరి మధ్య లేదు. కొన్నేళ్ళకు ఆమెను వేరే ఊరి బడికి పంపారు. మళ్ళీ చూడలేదు. నేనూ పంతులమ్మనయ్యాను. కొత్త పిల్ల వస్తే సాయంత్రానికల్లా పేరు నా నోట ఆడాల్సిందే. ఆ పాట మాత్రం ఏ పిల్లకూ పాడలేదు, నా కడుపున పుట్టినవాళ్ళకు కూడా. ఎందుకు పాడాలి, అది నాది.

సభ అయిపోయాక ఆ చున్నీ అమ్మాయే నా దగ్గరికి వచ్చింది. వెనక వరసలో ఒక ముసలావిడ తననే గుడ్లురిమి చూడటం ఆమె కంటపడినట్టుంది. పేరు నస్రీన్ అనీ, అదే కాలేజీలో చదువుతున్నాననీ చెప్పింది. నేను నీళ్ళు నమలకుండా అడిగేశాను, ఆ పాట ఎవరిదని.

"మా దాదీదమ్మా. మా నాయన తల్లి, రజియా. పోయిన ఏడు పోయింది. మా నాయనకు పాడిందట, నాకు పాడింది."

"నీ పేరు పెట్టి పాడలేదా?"

"ఎన్నిసార్లు అడిగిన్నో! మార్చకపోయేది. 'గా పేరుతోనే నేను బతికిన, దాన్ని మార్చొద్దు' అనేది."

"ఆ సుగుణ ఎవరో చెప్పిందా?"

నస్రీన్ నవ్వింది. "చెప్పింది. 'ఆ పిల్లకు నా మీద మస్తు గుస్స ఉండె. నాతోని ఒక్క మాట మాట్లాడలే. కని నన్ను పట్టియ్యలే' అనేది."

నేను అడగవలసింది ఇంకొకటి ఉంది. "పాట నేర్పినావిడ పేరు?"

"దాదీకి యాదిలేకుండెనమ్మా. పంతులమ్మ అనే అనేది."

సాయంత్రం నుంచీ కాదు, యాభై ఏళ్ళ నుంచీ మండుతున్న ప్రాణం అప్పుడు చల్లబడింది. ఆ పేరు వాళ్ళకు లేదు.

"మీ పేరు ఏందమ్మా?" అంది నస్రీన్.

"మార్తమ్మ" అన్నాను. ఆలోచించి అన్నది కాదు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర నుంచి ప్రభాకర్ కేకేశాడు. "సుగుణ టీచర్! ఆటో వచ్చింది!"

నస్రీన్ ముఖంలో రంగు మారింది. నా రెండు చేతులూ పట్టేసుకుంది. "అమ్మా, మీరేనా?"

"ఆ పేరు మీ దాదీదే, ఉండనియ్యి బిడ్డా" అన్నాను. "నాకు ఇంకొకటి ఉన్నది."

ఆటోలో కూర్చున్నాక, కర్రలవాళ్ళు ముందు నిలబడినప్పుడు అంతమంది పిల్లల్లో మార్తమ్మ నోటికి నా పేరే ఎందుకు వచ్చిందో ఆలోచిస్తూ పోయాను. చర్చి దాటే దాకా ఎవరికీ వినబడకుండా ఆ పాట పాడుకున్నాను. మడిలోన నేనున్న, గట్టున నువ్వున్నవు, మునుమొక్కటి ఒడిసినంక మల్లొస్త, మార్తమ్మా. ఊపేవాళ్ళకు పాడినవాళ్ళు లేరని ఆమే చెప్పింది. నాకంటే ముందు ఇంకెవరూ పాడి ఉండకూడదనే ఇప్పటికీ నా కోరిక.