రైట్ అంటే కుడి కాదు

రిటైరై పన్నెండేళ్లయినా ఆయన్ని అందరూ కండక్టర్ గారనే పిలుస్తారు. ముప్పయ్యేళ్లు కదిలే బస్సులో కడ్డీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి, కదలని ఇంట్లో రెండు నెలల్లో రెండుసార్లు పడ్డారు. మొదటిసారి బాత్రూమ్ గడప తగిలింది. రెండోసారి ఎందుకు పడ్డారో ఆయనకే తెలీదు. ఆ తెలీకపోవడమే ఎక్కువ భయపెట్టింది. అప్పట్నుంచి గోడ తడుముకుంటూ నడవడం.

"ఇంకొక్కసారి పడ్డావంటే నాన్నా, నువ్వుండే పై గది ఖాళీ చేయించి కిందికి మార్చేస్తా. మెట్లెక్కేది లేదు, ఒక్కడివే బయటికెళ్లేది లేదు" అని కూతురు తేల్చేసింది. డాక్టరేమో మందు బిళ్లలకి బదులు డాన్స్ క్లాసు రాశాడు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చడం ఒంటికి అలవాటైతే పడటం తగ్గుతుందట.

"ఈ వయసులో గంతులేంటే? నలుగురూ నవ్విపోతారు."

"పడితే నవ్వరా?"

ఆయన గొణుక్కుంటూనే చెప్పులేసుకుని క్లాసుకి బయల్దేరారు.

లైబ్రరీ పైన హాలు. నెరిసిన తలలు ఓ పన్నెండు. టీచరు కూతురికన్నా చిన్నది. పాట పెట్టి "రైట్!" అంది. అందరూ కుడికి అడుగేశారు. కండక్టర్ గారు మాత్రం మోకాళ్లు కాస్త వంచి, మడమలు నేలకి నొక్కి, ముందుకి ఒంగి బిగుసుకుపోయారు. పక్కనున్న రిటైర్డ్ నర్సమ్మ వచ్చి ఆయన భుజానికి గుద్దుకుంది.

"ఏమయ్యా, దారికడ్డంగా!"

"రైట్ అన్నారు కదమ్మా, బండి కదుల్తుందేమోనని..."

హాలంతా ఒకటే నవ్వు. ఆయన మాత్రం తన కాళ్లకేసి చూసుకున్నారు. తన కాళ్లే తన మాట వినకపోతే ఇంకెవరి మాట వింటాయి?

టీచరు నవ్వలేదు. "మరి ఆగాలంటే ఏమంటారండీ?"

"హోల్డాన్."

మర్నాటి నుంచి కుడి కుడే, ఎడమ ఎడమే. "రైట్ రైట్" అంటే కాళ్లు వంచి కాచుకోవాలి, "హోల్డాన్" అంటే అలాగే కాళ్లు వంచి ఉన్నచోట నిలదొక్కుకోవాలి. అందరికీ అదే నేర్పింది.

ఆరోవారం కూతురొచ్చి గుమ్మంలో నిలబడింది, బ్యాగు గుండెలకి హత్తుకుని. పై గది సంగతి ఇవాళ తేలాలి. లోపల కండక్టర్ గారు పాటకి వెనక్కి అడుగేసి, సగం తిరిగారు. నర్సమ్మ చెప్పు అడ్డం తగిలింది. ఆయన ఎడమకి ఒరిగిపోయారు.

"నాన్నా!"

"హోల్డాన్!" అని ఆయనే అరిచారు, తన ఒంటికి తనే. మోకాళ్లు వంగాయి, మడమలు నొక్కుకున్నాయి. ఒళ్లు ఊగింది, ఊగి, నిలబడింది. ఎవరూ పట్టుకోలేదు.

క్లాసయ్యాక మెట్లు దిగేటప్పుడు కూతురు ఆయనకంటే ఒక మెట్టు కిందగా, ఆయనవైపు తిరిగి వెనక్కి అడుగులేస్తూ దిగుతోంది.

"మరి పై గది?"

"ముందు కిందికి చూడు నాన్నా."

నాలుగు మెట్లు దిగాక అంది, "సరే, పై గదిలోనే ఉండు. కానీ కడ్డీ వదిలావో..."

బస్సులో ఏనాడూ కడ్డీ పట్టుకోని మనిషి మెట్ల కడ్డీని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. ఆఖరి మెట్టు దాకా ఆమె చేతులు చాపే ఉంచింది.