ధర్మపురిలో నేను కట్టిన గోడ

పంతొమ్మిదేళ్లు మా ఆయన కట్టే గోడలకు ఇటుకలు అందించాను. ఆయన మేస్త్రీ, నేను సిత్తాళును; అంటే ఇటుక తడిపి, ఇసుకా సిమెంటూ మాలు కలిపి చేతికిచ్చే మనిషిని. సాయంత్రం తాపీ కడిగి ఆయన సంచిలో పెట్టేదీ నేనే. కడిగేటప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకునేదాన్ని. దానితో ఒక్క ఇటుకైనా పేర్చాలని ఎంత ఆశగా ఉండేదో! ఆడవాళ్లు తాపీ పట్టడం మా పనుల్లో లేదు.

ఇప్పుడు ప్రభుత్వం, ఒక కట్టడాల కంపెనీ కలిసి మాలాంటివాళ్లకు తాపీపని నేర్పుతున్నాయి. నేర్చుకునే రోజులకు కూలి ప్రభుత్వం ఇస్తుంది, పరీక్ష నెగ్గితే కంపెనీ మేస్త్రీగా తీసుకుంటుంది. హోసూరులో నెల రోజులు నేర్చుకున్నాను. నా సొంతూరు తుంబలహళ్లి ధర్మపురి దగ్గరే కాబట్టి పరీక్ష అక్కడ పడింది.

ఉదయం ఏడు దాటాక హోసూరులో రైలెక్కాను. జనరల్ టికెట్టు చాలు. మా ఆయన స్టేషను దాకా వచ్చాడు.

"పోయిరా పో. గోడ పడిపోకుంటే ఫోను చెయ్" అన్నాడు. వెక్కిరింత సరే, చట్నీ డబ్బా మాత్రం తనే సర్దాడు.

రాయకోటలో ఒక అవ్వ ఎక్కి నా పక్కన కూర్చుంది. కంటాసుపత్రికి వెళుతోందట.

"నువ్వు యాడికి పోతాండావు పాపా?"

"గోడ కట్టే పరీక్షకవ్వా."

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. "నేను ఒకతూరి మడక పట్టి చేను దున్నినానని మా మామ మూడు దినాలు కూడు తినలే. నువ్వు పట్టు తాపీ" అంది.

పాలక్కోడులో రైలు ఆగినప్పుడు మా ఊరి వైపు చూశాను. దిగిపోవాలనిపించింది. భయమేసినప్పుడల్లా నాకు మా ఊరు గుర్తొస్తుంది.

ఎనిమిదిన్నర దాటాక ధర్మపురి. స్టేషను నుంచి షేర్ ఆటోలో బస్టాండు, అక్కడ రెండు ఇడ్లీలు, ఆపైన టౌన్ బస్సు. పరీక్షకు వెళ్లాలనుకునేవాళ్లు పది లోపే శిక్షణ కేంద్రం చేరుకోండి, ఆధార్ కార్డు చూసే వరుస పెద్దది.

పదిన్నరకు రేకుల షెడ్డులో నిలబెట్టారు. పన్నెండుమందిమి, ఆడవాళ్లం ఇద్దరమే. మగవాళ్లు ఏళ్లుగా మేస్త్రీలు, సర్టిఫికెట్టు కోసం వచ్చారు. నా కుడిపక్కన కృష్ణగిరి మునిరాజు. రెండు గంటల్లో నడుమెత్తు మూలగోడ కట్టాలి, ఎవరి గోడ వాళ్లే.

పరీక్ష పెట్టే మేడమ్ విజిల్ ఊదింది. ఇటుక తడిపాను. ఇంకోటి తడిపాను. చేతులు చకచకా ఆడుతున్నాయి, పని భలే సాగుతోందనుకున్నాను. కాసేపటికి మేడమ్ వచ్చి, నీ గోడ ఎక్కడమ్మా అని తమిళంలో అడిగింది. చూస్తే నా ముందు నేల ఖాళీ. తడిపిన ప్రతి ఇటుకా కుడిపక్కకు చాపాను. మునిరాజు తలెత్తకుండా అందుకుని తన గోడలో పెట్టేశాడు. ఆ పక్కనే కదా పంతొమ్మిదేళ్లూ మా ఆయన ఉండేది!

"అయ్యో అక్కా! చెయ్యి చాపితే ఇటుక వచ్చె. ఎవురిస్తాండారని చూడనే లేదు" అన్నాడు మునిరాజు, మొహం చిన్నబుచ్చుకుని.

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికే అరగంట పోయింది. ఇటుకల్ని ఎడమవైపుకు మార్చుకుని, మునిరాజుకు వీపు పెట్టి మొదలుపెట్టాను. ప్రతి వరుసకూ దారం, నిలువు చూసే గుండు వేసి చూసుకున్నాను. అతను ముందే ముగించి, ఒక ఇటుక తడిపి నావైపు చాపాడు. నా జన్మలో ఒక మేస్త్రీ నాకు ఇటుక అందించడం అదే మొదలు. తీసుకోవాలని ప్రాణం లాగింది.

"కింద పెట్టు తమ్ముడా. నేనే తీసుకుంటా" అన్నాను.

విజిల్ పడేసరికి నా గోడ ఒక వరుస తక్కువ. మేడమ్ మూలన గుండు వేలాడదీసి చాలాసేపు చూసింది. ఎత్తుకు మార్కులు తగ్గించింది, నిలువుకు పూర్తిగా వేసింది. పాసయ్యాను. సోమవారం నుంచి హోసూరు సైటులో తాపీ పని.

ఒంటిగంటకు మా ఆయనకు ఫోను చేశాను.

"నిలిచిందా?"

"నిలిచింది."

"అయితే నాకెవురే ఇటుకలిచ్చేది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

భోజనం వాళ్లే పెట్టారు. తర్వాత అందరినీ షెడ్డులోకి పిలిచి, ఎవరి గోడ వాళ్లు విప్పమన్నారు. తర్వాతి జట్టుకు అవే ఇటుకలు కావాలి. అందుకే మాలులో సిమెంటు వెయ్యరట. మగవాళ్లు నిమిషాల్లో విప్పేసి బీడీలకు పోయారు. నేను పైవరుస నుంచి ఒక్కో ఇటుకా తీసి, గీకి, కడిగి పేర్చాను. నాలుగింటికి అక్కడ తడి నేల తప్ప ఏమీ లేదు. ఫొటో అయినా తీసుకోలేదే అని ఇప్పటికీ బాధ.

అయిదున్నర దాటాక తిరుగు రైలు దొరికింది. కిటికీ పక్కన చోటు వచ్చింది. మారండహళ్లి దాకా పట్టాల పక్క ఇళ్లనే చూస్తూ కూర్చున్నాను. అన్నీ ఎవరో కట్టినవే. ఎవరి భార్యలో ఇటుకలు అందించినవే. పాసైన సంతోషం ఉంది, లేదనను. కానీ నా కోరిక అంతటితో తీరలేదు. నేను కట్టిన గోడ ఒకటి ఎక్కడైనా నిలబడాలి. ఆ ఇంటివాళ్లు నేనెవరో తెలియకుండానే దానికి మేకు కొట్టి కేలండరు తగిలించుకోవాలి. ఒక్కసారి ఆ వీధిలో నడిచివెళుతూ దాన్ని చూడాలని ఉంది.